పడవ షికారూ, రేవు దాటడమూ

పడవ అన్న మాట పక్కన షికారు అన్న మాట చేర్చి పలకండి. కోనసీమలో డెబ్బై దాటిన పెద్దవాళ్లెవరైనా సరే, ఒక్క క్షణం మన ముఖంలోకి చూసి నవ్వుతారు. ఆ నవ్వులో వెటకారం ఉండదు. "ఇదొక సరదానా వీళ్లకి!" అన్న ఆశ్చర్యం మాత్రం ఉంటుంది. వాళ్ల భాషలో పడవ పక్కన వచ్చే మాటలు వేరు. పడవ తప్పిపోయింది, పడవ అవతలొడ్డున ఉంది, పడవవాడు పలకటం లేదు, ఇంకా పోటు రాలేదు – ఇవీ ఆ మాటలు. పరీక్షకి వెళ్లే కుర్రాడూ, పురిటికి పుట్టింటికి బయల్దేరిన ఆడపిల్లా, కోర్టు వాయిదాకి పోయే మోతుబరీ, అందరూ ఒకే రేవులో ఒకే ఎండలో నిలబడి అవతలొడ్డు కేసి చూసిన రోజులు వాళ్లకి గుర్తు.

ఇప్పుడు అదే నీటి మీద, అదే గాలిలో, డబ్బులిచ్చి మరీ తిరుగుతున్నాం. తిరిగి ఒడ్డెక్కి, "ఎంత హాయిగా ఉందో!" అనుకుంటున్నాం. తప్పా అంటే తప్పని నేననను. కాని నా మట్టుకు నాకు చాలా రోజులుగా ఒక సందేహం. ఒకరికి కష్టమైనది, ఆ కష్టం తీరగానే, ఇంకొకరికి అందంగా ఎలా మారిపోతుంది? అలా మారిన అందం నిజమైనదేనా? దాన్ని అనుభవించే హక్కు మనకి ఎక్కణ్నుంచి వచ్చింది?

మామూలుగా ఇలాంటి సందేహాలు వేదాంతులకి వదిలేసి ఊరుకోవచ్చు. కాని మొన్న పుష్యమాసంలో ఒక రోజంతా పడవలో గడిపాక, ఇది వేదాంతుల కంటే పడవ నడిపే సరంగులకే బాగా తెలిసిన సంగతేమోనని తోచింది.

కోనసీమ ఎరగనివాళ్ల కోసం రెండు ముక్కలు చెప్పాలి. ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమి, వశిష్ఠ అని రెండు పాయలవుతుంది. ఆ రెండింటికీ సముద్రానికీ మధ్య చిక్కిన మూడుమూలల నేల కోనసీమ. అది చాలదన్నట్టు వశిష్ఠలోంచి వైనతేయ అని ఇంకో పాయ చీలి, ఆ నేలని మళ్లీ రెండు చేస్తుంది. అంటే అమలాపురం మనిషి రాజోలు వెళ్లాలంటే ఏరు దాటాలి. రాజోలు మనిషి నరసాపురం వెళ్లాలంటే ఏరు దాటాలి. అమలాపురం నుంచి కాకినాడ వెళ్లాలన్నా అంతే. 2022లో ఇది ప్రత్యేక జిల్లా అయింది గాని, అంతకు చాలా ముందే ఏళ్లు మూడూ కలిసి దీన్ని వేరే జిల్లాగా విడగొట్టేశాయి.

మేం పడవెక్కింది దిండిలో. మలికిపురం మండలంలో, వశిష్ఠ ఒడ్డున ఉన్న ఊరు. పండగ వెళ్లిన రెండో నాడు. నేనూ, మా ఆవిడా, హైదరాబాదు నుంచి వచ్చిన మా చెల్లెలూ బావగారూ, కాలేజీలో చదివే వాళ్లబ్బాయీ, మా మేనత్తా. అత్తయ్యకి ఎనభై రెండు. మొదట రానంది.

"ఇన్నేళ్లూ అవసరానికి ఎక్కాను. ఇప్పుడు సరదాకి కూడా ఎక్కాలిట్రా?"

అంటూనే పులిహోరా, అరిసెలూ క్యారియర్‌లో సర్దింది. సర్దిన క్యారియర్ మరొకళ్ల చేతికి ఇవ్వడం ఆవిడకి అలవాటు లేదు గనక ఆవిడా వచ్చింది.

తొమ్మిదింటిదాకా మంచు విడవలేదు. చించినాడ వంతెన మీద లారీలు పోతున్న చప్పుడే గాని లారీ కనిపించదు. ఆ తర్వాత ఎవరో దుప్పటి మడత పెట్టినట్టు మంచు ఒక పక్కనుంచి లేచిపోయింది. ముందు కొబ్బరిచెట్ల తలలు, తర్వాత మొదళ్లు, ఆ తర్వాత నీళ్లలో వాటి నీడలు. ఎండ ఉంది, కాని కాల్చే ఎండ కాదు. వీపు మీద చెయ్యి వేసినట్టుండే ఎండ. గుంజ మీద నీటికాకి రెక్కలు ఆరబెట్టుకుంటోంది. అది నీళ్లలో బతికే పిట్ట, దానికి కూడా తడి ఇష్టం లేదు కాబోలు. చలికాలంలో కోనసీమ నీటి మీద ఉండే ఆ సుఖం చెబితే తెలిసేది కాదు.

మా మేనల్లుడు సరంగుని పులస చేప గురించి అడిగాడు.

"ఆయ్, ఇప్పుడు పులసెక్కడిదండీ బాబూ! వరదనీరు రావాలండి, ఎర్రనీరు. శ్రావణంలో రండి, కనీసం ధరన్నా వినిపిస్తాం" అన్నాడు సరంగు.

కాస్త దూరం పోయాక ఒక రేవు వచ్చింది. నలుగురైదుగురు ఆడవాళ్లు బట్టలు ఉతుక్కుంటున్నారు. ఒకమ్మాయి తల రుద్దుకుంటోంది. మావాడు సెల్‌ఫోను ఎత్తాడు. ఆ అమ్మాయి చటుక్కున వెనక్కి తిరిగింది. అత్తయ్య మావాడి మోచెయ్యి పట్టుకుని మెల్లిగా దింపింది.

"ఆ రేవు వాళ్ల పెరడురా నాయనా. ఎవరి పెరట్లోకైనా తొంగిచూస్తామా?"

వాడు మంచివాడే. ఫోను జేబులో పెట్టేసుకున్నాడు. నాకు మాత్రం ఆ మాట దగ్గరే ఆలోచన ఆగిపోయింది. మన ఎదురుగా ఉన్నది దృశ్యం అనుకుంటున్నాం. కాదు, అది ఒకరి పెరడు. గోడలేని పెరడు. గోడ లేదు గనక అందరిదీ అనుకోవడం పట్నవాసపు పొరపాటు.

మరో మలుపులో ఒక నాటుపడవ. మొగుడు వల విసురుతున్నాడు, పెళ్లాం వెనక కూర్చుని తెడ్డుతో పడవని నిలబెడుతోంది. వాళ్లకి ఇంకా వంద గజాల దూరం ఉండగానే మా సరంగు ఇంజను తగ్గించేశాడు. పడవ నీరసంగా జారుతోంది. బావగారికి విసుగొచ్చింది. ఏం, ఏమైనా చెడిందా అన్నారు.

"చెడలేదండి. మన అల వాళ్ల పడవలోకి పోద్దండి" అన్నాడు సరంగు.

అంతే. పెద్దగా ఏం చెప్పలేదు. వాళ్లని దాటాక మళ్లీ ఇంజను పెంచాడు. వాళ్లు మాకు దణ్ణం పెట్టలేదు, చెయ్యి ఊపలేదు. వల లాక్కుంటూ ఉండిపోయారు. మర్యాద అంటే ఇదే అనుకుంటాను. అవతలివాడికి తెలిసే పని కూడా లేకుండా జరిగిపోవాలి.

భోజనాలయ్యాక అత్తయ్య తనంతట తనే చెప్పింది. కాపరానికి వచ్చిన కొత్తలో ఒక రాత్రి మామగారికి గుండెల్లో నొప్పి వచ్చిందట. మంచం మీద రేవుకి మోసుకొచ్చారు. పడవ ఉంది, పడవవాడూ ఉన్నాడు. కాని పాటు నీరు. రేవు ముందంతా బురద, మేట. పడవ కదలదు.

"పోటు రావాలి, పడవ లేవాలి అన్నార్రా. పోటొచ్చింది గాని, మావయ్యగారు ఆగలేదు."

చెప్పి, అరిసె ముక్క మా చెల్లెలి చేతిలో పెట్టింది. కాసేపు ఎవరం మాట్లాడలేదు. పడవ పక్కన నీళ్లు సన్నగా చప్పుడు చేస్తున్నాయి. ఆ చప్పుడు పొద్దున్నుంచీ వింటున్నదే, అయినా ఇప్పుడు వేరేగా వినిపించింది.

నాలుగింటివేళ ఎండ పసుపుగా మారింది. అత్తయ్య పడవ అంచున చెయ్యి ఆనించి కూర్చుని, "బావుందిరా" అంది. "ఇంత బావుంటుందని అప్పుడు చూళ్లేదు. చూడ్డానికి తీరికేదీ?"

సరే, ఇప్పుడు నా సందేహం దగ్గరికి వద్దాం. దీనికి మనవాళ్లు చెప్పే తేలిక జవాబులు రెండున్నాయి.

మొదటి జవాబు – పాతరోజులే బంగారు రోజులు, వంతెనలు వచ్చి అందమంతా పోయింది. ఈ మాట అనేవాళ్లలో చాలామంది వంతెన మీద కారులో వచ్చి అంటారు. కాస్త పాత సంగతి చూద్దాం. 1847లో మొదలుపెట్టి 1852 నాటికి కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేయించాడు. ఆ నీళ్లతో పొలాలు పండాయని అందరికీ తెలుసు. కాలవల్ని ఆయన రోడ్లుగా కూడా చూశాడన్నది అంతగా గుర్తుండదు. రైళ్ల మీద పెట్టే డబ్బు కాలవల మీద పెడితే సరుకు చవగ్గా నడుస్తుందని ఆయన చివరిదాకా వాదించాడు. మన డెల్టా కాలవలకి లాకులు అందుకే. ఎత్తు నీటి నుంచి పల్లపు నీటికి పడవని మెట్టు దింపినట్టు దింపుతాయి. కాకినాడలో బయల్దేరిన పడవ ఏలూరు, బెజవాడల మీదుగా బకింగ్‌హామ్ కాలవలో పడి మద్రాసు దాకా పోయిన రోజులున్నాయి.

ఆ కాలవల మీదే రహదారి పడవలు నడిచేవి. రాత్రి భోంచేసి ఎక్కితే తెల్లారేసరికి ఊరు. లాంతరు వెలుగు, చుట్టల వాసన, ఊళ్లో కబుర్లు, ఉయ్యాల లాంటి ఊపు, నిద్ర. బావుండేదనడంలో సందేహం లేదు. అయితే ఆ పడవ ఎలా నడిచేది? గాలి అనుకూలిస్తే తెరచాప. లేకపోతే గట్టు మీద మనుషులు తాడు భుజానికేసుకుని లాగేవారు. లోపలివాడికి ఉయ్యాల, గట్టు మీదివాడికి తుమ్మముళ్లు. లోపలివాడు నిద్రపోయిన రాత్రంతా బయటివాడు నడిచాడు. కనక కష్టమంతా పాతకాలానిదీ, అందమంతా ఇప్పటిదీ అనడానికి లేదు. అలాగని అందమంతా అప్పటిదే అనడానికీ లేదు. ఒకే పడవకి, ఒకే రాత్రి, రెండూ ఉన్నాయి. తాడుకి ఏ కొసన ఉన్నామన్నదే తేడా.

వంతెన వద్దనేవాళ్లు ఇంకొకటి కూడా చూడాలి. యానానికీ ఎదుర్లంకకీ మధ్య గౌతమి మీద వంతెన 2002లో వచ్చింది. దానికి బాలయోగిగారి పేరు పెట్టారు. అమలాపురం నుంచి గెలిచి లోక్‌సభ స్పీకరైన మనిషి, ఆ ఏడాది మార్చిలోనే హెలికాప్టర్ ప్రమాదంలో పోయారు. అంత పెద్ద పదవి చేసిన మనిషి పేరు ఇక్కడివాళ్ల నోట రోజూ పలికేది ఆ వంతెన మూలానే. దాటడం ఎంత కష్టమో తెలిసినవాళ్లే దాటించినవాణ్ని అలా తలుచుకుంటారు.

వంతెన లేనిచోట ఏమవుతుందో కూడా మనం చూశాం. 2018 జూలై 14న పశువుల్లంక దగ్గర గౌతమిలో పడవ బోల్తాపడింది. అందులో బడి నుంచి ఇంటికి పోతున్న లంక గ్రామాల పిల్లలున్నారు. పడవ తగిలింది అప్పటికి కడుతూ ఉన్న వంతెన స్తంభానికి. వాళ్ల కోసం రావలసిన వంతెనే, ఇంకా రాకుండా, వాళ్లకి అడ్డమైంది. తర్వాతి ఏడాది సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పడవ మునిగింది. అది పాపికొండలు చూడ్డానికి పోతున్న విహారయాత్ర. ఒకరు అవసరానికి ఎక్కారు, ఒకరు సరదాకి ఎక్కారు. గోదావరి ఆ తేడా అడగలేదు.

ఇక రెండో జవాబు – ఇంత కష్టం చూసిన నీటి మీద సరదా ఏమిటి, సిగ్గులేదూ అన్నది. ఇది పైకి గొప్పగానే ఉంటుంది. కాని ఈ లెక్కన మనం ఎక్కడా కూర్చోలేం. మనం తినే అన్నం కింద ఎవరి నడుమో ఒంగి ఉంటుంది. తాగే కొబ్బరిబొండం కోసం ఎవరో ప్రాణాలు అరచేత పెట్టుకుని చెట్టెక్కి దింపు తీసి ఉంటారు. అన్నం మానేస్తే ఆ నడుం తిన్నగా అవుతుందా? పైగా మా అత్తయ్య మాటే ఉంది. ఆ నీటి మూలాన నష్టపోయిన మనిషి ఆవిడ. సిగ్గుపడమని చెప్పే హక్కు ఎవరికైనా ఉంటే ఆవిడకే ఉండాలి. ఆవిడ "బావుందిరా" అంది. చూడ్డానికి అప్పుడు తీరిక లేదంది గాని, చూడ్డానికి ఏమీ లేదనలేదు. అందం అప్పుడూ ఉంది. అవసరం దాని మీద దుప్పటి కప్పి ఉంచింది. అవసరం తీరిన తర్వాత కనిపించే అందం అబద్ధం కాదు. పాత బాకీ తీరినట్టు, ఆలస్యంగా చేతికందిన నిజం. ఆ మాటకొస్తే దాన్ని అనుభవించే మొదటి హక్కు రేవులో నిలబడ్డవాళ్లదే. మనది తర్వాతిది.

మరి మనలాంటి తర్వాతివాళ్లు ఏం చెయ్యాలి? సరంగు చేసిందే చెయ్యాలని నాకు తోస్తుంది. ఆనందానికి కూడా అల ఉంటుంది. మనం ఎంత హాయిగా పోతున్నా, మన వెనక నీరు లేచి ఎవరి పడవనో తాకుతుంది. మన పెద్ద పడవలో మనకి తెలియదు. చిన్నపడవలో ఉన్నవాడికి తెలుస్తుంది. పడవ ఎక్కడం తప్పు కాదు. అవతల నాటుపడవ కనిపించినా ఇంజను తగ్గించకపోవడం తప్పు. ఒడ్డున ఊరుందని తెలిసీ మైకులో పాటలు హోరెత్తించడం, తాగేసిన ప్లాస్టిక్ సీసా కాలవలో పారెయ్యడం, రేవు కేసి కెమెరా ఎత్తడం, ఇవన్నీ అలలే. అసలే గుర్రపుడెక్కతో ఊపిరాడని కాలవలు. వాటిలోకి మన పండగ చెత్త కూడా ఎందుకు?

నెమ్మదిగా పోవడంలో ఇంకో లాభం ఉంది. పక్కవాళ్ల మాట వినిపిస్తుంది. దీనికి కోనసీమలోనే ఒక కథ చెప్పుకుంటారు. వైనతేయ ఒడ్డున లంకల గన్నవరం అనే ఊరుంది. కాలవ నీరు నది నీటిని పైనుంచి దాటే చోటు అది. 1850ల్లో కట్టిన పాత అక్విడక్టు స్థానంలో వచ్చిన కొత్తదానికి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. ఆవిడ 1841లో పుట్టి 1909లో పోయారు. ఏ వేళప్పుడు ఎవరు వచ్చినా కులం, ఊరు అడక్కుండా అన్నం పెట్టిన ఇల్లాలు. ఏరు దాటి ఆకలితో వచ్చేవాళ్లకి ఆ ఇల్లు తెలుసు.

ఒకసారి సీతమ్మగారు అంతర్వేది నరసింహస్వామిని చూడ్డానికి పల్లకీలో బయల్దేరారట. దారిలో ఒకచోట బోయీలు ఆగారు. అటుగా పోతున్న వాళ్లెవరో ఆకలితో ఏడుస్తున్న పిల్లల్ని సముదాయిస్తూ, "కాస్త ఓర్చుకోండమ్మా, గన్నవరం చేరితే సీతమ్మగారింట్లో అన్నం తినొచ్చు" అంటున్నారు. ఆవిడ ఆ మాట విని పల్లకీ వెనక్కి తిప్పించారు. వాళ్లు చేరేలోపల ఇంటికి వెళ్లి వంట చేశారు.

ఈ కథని అందరూ దానగుణానికి ఉదాహరణగా చెబుతారు. నాకు ఇందులో ఇంకోటి కనిపిస్తుంది. పల్లకీ ఆగింది గనక ఆవిడకి ఆ మాట వినిపించింది. ఎనభై కిలోమీటర్ల వేగంతో అద్దాలు బిగించుకుని పోయే కారులో సీతమ్మగారున్నా, పాపం, ఆవిడ మాత్రం ఏం వినగలరు? మనమందరం పల్లకీ వెనక్కి తిప్పేటంత గొప్పవాళ్లం కానక్కర్లేదు. వినిపించేంత నెమ్మదిగా పోతే చాలు, సగం పుణ్యం దారే చేయిస్తుంది.

కోనసీమలో నీటిని దాటే మూడో పద్ధతి ఇంకొకటుంది. అవసరం కాదు, షికారూ కాదు. కనుమనాడు జగ్గన్నతోటలో ప్రభల తీర్థం. చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఏకాదశ రుద్రులు ప్రభల మీద ఆ కొబ్బరితోటకి వస్తారు. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలు కౌశిక కాలవలోంచి రావాలి. కుర్రాళ్లు అంతెత్తు ప్రభని భుజాన పెట్టుకుని నీళ్లలోకి దిగి, "శరభా శరభా" అని అరుస్తూ అవతలి గట్టుకి ఎక్కిస్తారు. దారిలో పచ్చని చేలు తొక్కుకుంటూ పోయినా రైతు ఏమీ అనడు. వస్తే బావుండునని చూస్తాడు. 2023 గణతంత్ర దినోత్సవం నాడు ఢిల్లీలో మన రాష్ట్రం శకటం ఈ తీర్థమే. కాని ఢిల్లీ రోడ్డు మీద కాలవ లేదు. అసలు సంగతి కాలవలో ఉంది. రోడ్లూ వంతెనలూ వచ్చాక కూడా ఏడాదికి ఒక్కరోజు అందరూ కలిసి నీళ్లలో దిగి, బరువు మోసి, దాటడం. తాతలు ఎలా దాటారో కాళ్లకి గుర్తుచెయ్యడం. పుస్తకాల్లో రాసిపెట్టుకున్న జ్ఞాపకం కంటే, చలినీళ్లలో వణుకుతూ తెచ్చుకున్న జ్ఞాపకం ఎక్కువకాలం నిలుస్తుంది.

అందుచేత, వచ్చే చలికాలంలో మీరు కోనసీమ వస్తే, నా సలహా ఒక్కటే. షికారు పడవ తప్పకుండా ఎక్కండి. పులిహోర తెచ్చుకోండి, వీపుకి ఎండ తగలనివ్వండి, ఏ పాపభీతీ పెట్టుకోకుండా హాయిగా ఉండండి. ఆ మర్నాడు మాత్రం సఖినేటిపల్లి రేవుకి వెళ్లి నరసాపురం పోయే పంటు ఎక్కండి. అక్కడ మీ పక్కన మోటారుసైకిలు మీద కూరగాయల బుట్టలవాడుంటాడు, ఆస్పత్రి కాగితాలు సంచిలో పెట్టుకున్న ముసలాయన ఉంటాడు, పుస్తకాలు గుండెకి హత్తుకున్న ఆడపిల్ల ఉంటుంది. వాళ్లెవరూ నదిని చూడరు. అవతలొడ్డు కేసి చూస్తుంటారు. మీరు నదినీ చూడండి, వాళ్లనీ చూడండి, కుదిరితే ఆ ముసలాయనకి కూర్చోడానికి కాస్త చోటివ్వండి. పంటు టిక్కెట్టు చాలా చవక. షికారు టిక్కెట్టు ఖరీదెక్కువ. రెండూ కొన్నప్పుడే గోదావరిని పూర్తిగా చూసినట్టు.